ఛాయాచిత్రములు ఇల్లు మారునపుడు

మన ప్రాంతపు ఇండ్లలో గోడమీది పటములు తగ్గినవి. కంప్యూటరులోని పటములు పెరిగినవి. పెండ్లి, సీమంతము, తిరుత్తణి కొండకు ఎత్తిన కావడి, పులికాటు సరస్సు మీది పడవ ప్రయాణము, బిడ్డ అక్షరాభ్యాసము, ఇవన్నియు ఇంచుమించు ఇరువది సంవత్సరములుగా మొదట డిజిటల్ కెమెరాలలోను, పిదప చేతి ఫోనులలోను చేరి, అచ్చటినుండి కంప్యూటరులోనికి దిగినవి. వానిని వరుసగా పేర్చుకొనుటకును, వంకరగా వచ్చినవానిని సరిదిద్దుకొనుటకును, క్రింద పేర్లు వ్రాసికొనుటకును ఏదో యొక ఫోటో సాఫ్ట్‌వేరును ఆశ్రయించితిమి. ఈ సాఫ్ట్‌వేర్లకు ఆయువు స్వల్పము. ఐదేండ్లకో పదేండ్లకో చేసినవారే దానిని విడిచిపెట్టుదురు, క్రొత్తది వచ్చును. అప్పుడు చిత్రములన్నియు ఇల్లు మారవలెను. ఆ మార్పులో ఏది వెంటవచ్చును, ఏది వెనుక నిలిచిపోవును అనునదే ఈ వ్యాసమునకు విషయము. ఇంట ఈ పని చేసిపెట్టువారు సాధారణముగా పిల్లలు. పేర్లు తెలిసినవారు పెద్దలు. కావున ఇరువురికిని కలిపి వ్రాయుచున్నాను.

క్రొత్త సాఫ్ట్‌వేరు పెట్టుకొన్నవారు చిత్రములు వచ్చినవా, లేవా అని మాత్రమే చూతురు. చిత్రములు చాలవరకు వచ్చును. రానిది వేరు. నాకు తెలిసిన యొక గృహస్థు తన కుటుంబపు పాత పటములన్నిటిని స్కాను చేయించి, తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కదాని క్రింద తెలుగులో వివరము చేర్చెను. 'కూర్చున్నది పెద్దవ్వ, వెనుక నిలిచినది సత్యవేడు మేనత్త, చంకనున్నది చిన్నాయన' అను రీతిగా వ్రాత సాగెను. కొన్నియేండ్లకు ఆ తల్లి గతించెను. తరువాత కంప్యూటరు మారెను, సాఫ్ట్‌వేరును మారెను. చిత్రము ఒక్కటియు పోలేదు. పేరు ఒక్కటియు రాలేదు. ఆ గుంపులోని ముఖములు నేటికిని నిర్మలముగా కనబడుచునే యున్నవి. వారెవరని అడిగినచో చెప్పువారు లేరు. పాత డిస్కును పారవేయక అటకమీద ఉంచినందున కొన్ని పేర్లు పిమ్మట మరల దొరికినవి. అది అదృష్టము.

ఇట్లు జరుగుటకు కారణము తెలిసికొనవలెనన్న, పేర్లు ఎచ్చట వ్రాయబడుచున్నవో మొదట తెలియవలెను. నేను ఆంధ్రదేశమున తెలుగు పండిత శిక్షణ పొందిన నాటి తరగతి చిత్రము నాయొద్ద కలదు. దళసరి అట్టమీద చిత్రమును అంటించి, దాని క్రిందనే 'కూర్చున్నవారు, ఎడమనుండి కుడికి' అని పేర్లన్నియు వరుసగా అచ్చువేసిరి. ఆ అట్ట ఏ గోడకు పోయినను పేర్లును దానివెంట పోవును. ఇంకొక పద్ధతి కలదు. చిత్రము వెనుక ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్య కెదురుగా పేర్లను వేరొక నోటుపుస్తకములో వ్రాసికొనుట. ఇదియు మంచి పద్ధతియే, పుస్తకము ఉన్నంతకాలము. పుస్తకము పోయిన దినమున సంఖ్య ఉండియు లేనిదే. ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా నుండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ముద్రలు పెక్కింటిలో సంఖ్యయు, శీర్షికయు చిత్రములోనే కనబడును. అవి గాజుపలక మీదనే వ్రాయబడినవి. ఆయన గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. 1989లో ఆ సంస్థ వానిని సేకరించెను. పలక మీది వ్రాత నూరేండ్లు గడచినను పలకను విడువలేదు.

కంప్యూటరులోని ఫోటోకును ఈ రెండు పద్ధతులే కలవు. ఫోటో అనునది ఒక ఫైలు. అందు కంటికి కనబడు చిత్రభాగముతో పాటు, కంటికి కనబడని వ్రాతభాగము ఒకటి ఉండును. కెమెరా తానుగా ఆ వ్రాతభాగములో తీసిన తేది, గంట, కెమెరా పేరు మొదలగు వానిని నింపును. దీనికి ఎక్సిఫ్ అని పేరు. 1995లో జపానుదేశపు పరిశ్రమల సంఘమొకటి దీనిని ఏర్పరచెను. వార్తాసంస్థలు తమ చిత్రములకు శీర్షిక, స్థలము, తీసినవాని పేరు జోడించుకొనుటకై ఐ.పి.టి.సి. అను మరియొక పద్ధతిని తెచ్చినవి. 2001లో అడోబీ సంస్థ ఎక్స్.ఎం.పి. అను మూడవ పద్ధతిని వెలువరించెను. ఈ మూడింటిలో దేనియందు వ్రాసినను ఆ వ్రాత అట్టమీది అచ్చువంటిది. ఫైలు ఎచ్చటికి పోయిన అచ్చటికి వచ్చును. అట్లు వ్రాసినంత మాత్రమున చిత్రము పాడగునని కొందరు భయపడుదురు. ఆ భయము అక్కరలేదు. జేపెగ్ చిత్రమును సవరించి మరల మరల భద్రపరచినచో స్పష్టత తరుగును గాని, వ్రాతభాగమును మాత్రము మార్చునపుడు చిత్రభాగము మారదు.

అయితే సాఫ్ట్‌వేర్లు పెక్కు తమ పనిని ఫైలులో వ్రాయవు. అవి తమకై వేరొక లెక్కపుస్తకమును ఉంచుకొనును. దానిని డేటాబేసు అందురు. ఏ ఫోటో ఏ ఆల్బములోనిది, దేనికి నక్షత్రపు గుర్తు పెట్టితిమి, ఈ ముఖము ఎవరిది, ఆ అంచును ఎంత కత్తిరించితిమి, ఇవి తరచుగా ఆ పుస్తకములోనే యుండును. లెక్కపుస్తకమును ఆ సాఫ్ట్‌వేరే చదువగలదు. అది పోయిన నాడు లెక్కయు పోయెను.

దీనికి మన ఇండ్లలో ఎక్కువమందికి అనుభవమైన ఉదాహరణము పికాసా. 2002లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేరును 2004లో గూగుల్ సంస్థ కొని, అందరికిని ఉచితముగా ఇచ్చెను. తేలికయైనది, పాత కంప్యూటరుమీదను నడచునది. కావున స్టూడియోలలోను, బడులలోను, ఇండ్లలోను వ్యాపించెను. 2016 ఫిబ్రవరి 12న గూగుల్ దీనిని విరమించుచున్నట్లు ప్రకటించి, మార్చి 15 తరువాత దానికి సవరణలు నిలిపివేసెను. అప్పటికే పెట్టుకొన్నవారి కంప్యూటర్లలో అది ఇంకను నడచుచున్నది గాని, కంప్యూటరు మారిన దినమున ప్రశ్న తప్పదు.

పికాసా తన లెక్కను ఒకేచోట ఉంచలేదు; కొంత ఫైలులో, కొంత బయట ఉంచినది. జేపెగ్ చిత్రము క్రింద మీరు వ్రాసిన శీర్షికయు, సూచక పదములును ఫైలులోనే చేరినవి, అవి భద్రము. నక్షత్రపు గుర్తులు, కత్తిరింపులు, వెలుతురు సవరణలు మాత్రము ప్రతి ఫోల్డరులోను దాగియుండు పికాసా ఐ.ఎన్.ఐ. అను చిన్న ఫైలులో నుండును. మీరు సవరించిన చిత్రమును భద్రపరచక వదిలినచో, వేరు సాఫ్ట్‌వేరులో తెరచునపుడు ఆ చిత్రము మరల వంకరగానే కనబడును. సవరణ పోయినదని కొందరు తలంచుదురు. నిజమునకు అది ఫైలులోనికి ఎన్నడును చేరనేలేదు. భద్రపరచినచో సవరించినది ముందుకు వచ్చి, అసలుది పికాసా ఒరిజినల్స్ అను మరుగు ఫోల్డరులోనికి పోవును. ముఖములకు పెట్టిన పేర్ల సంగతి ఇంకను చిక్కు. ముఖము ఎచ్చటనున్నదో ఐ.ఎన్.ఐ. ఫైలులో నుండును, ఆ ముఖము ఎవరిదను పేరు మరియొకచోట, పరిచితుల పట్టికలో నుండును. ఈ రెండింటిలో ఒకటి పోయినను రెండవది వ్యర్థము. చివరి కాలపు 3.9 సంచికలో ముఖముల పేర్లను ఫోటోలోనే భద్రపరచు ఏర్పాటు ఒకటి చేర్చిరి. అది తానుగా పనిచేయదు. ఏర్పాట్లలోనికి పోయి మనము ఆజ్ఞ ఇయ్యవలెను. పాత కంప్యూటరులో ఇంకను పికాసా ఉన్నవారు మొదట చేయవలసిన పని ఇదియే. ఇట్లు ఫైలులోనికి దిగిన ముఖముల పేర్లను డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు చదువగలదు.

ఇచ్చటనే ఇంకొక హెచ్చరిక. దుకాణములో కంప్యూటరు మార్పించునపుడు పనివాడు ఫోల్డరు తెరచి, కనబడిన చిత్రములన్నిటిని ఎన్నుకొని నకలు తీయును. మరుగుననున్న ఫైళ్లు కనబడవు గనుక ఎన్నికలోనికి రావు. లోపలి చిత్రములను కాక, ఫోల్డరునే పూర్తిగా నకలు తీయుమని చెప్పవలెను. అడిగి చేయించుకొనుటలో సంకోచము వలదు.

ఈ కష్టము పికాసాకు మాత్రమే పరిమితము కాదు. ఆపిల్ సంస్థ తన అపర్చర్ అను సాఫ్ట్‌వేరును ఇక అభివృద్ధి చేయమని 2014 జూన్‌లో తెలిపి, 2015 ఏప్రిల్‌లో ఫోటోస్ అను క్రొత్తదానిని ఇచ్చెను. క్రొత్తదానిలో నక్షత్రముల తరగతులు లేవు; పాతవానిలోని నక్షత్రములు మారి సూచక పదములుగా వచ్చినవి. పోలేదు గాని రూపు మారినది. ఎరుగనివారు పోయినవనియే తలచిరి. విండోస్‌వారి ఫోటో గ్యాలరీకి 2017 జనవరి 10న సెలవు ఇచ్చిరి. వృత్తిగా ఫోటోలు తీయువారు వాడు లైట్‌రూమ్ సయితము తన పనిని ముఖ్యముగా తన పట్టికలోనే ఉంచుకొనును. ఫైలులో వ్రాయుమని విడిగా ఆజ్ఞాపింపవలెను. ఎవరిదైనను రీతి ఇంతే.

ఇక తెలుగులో పేర్లు వ్రాసికొనువారికి ప్రత్యేకముగా కలుగు చిక్కులు కొన్ని. యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షరసంకేతములో 1991 నుండియే తెలుగునకు స్థానము కలదు. అయినను చాలకాలము మన అచ్చుపనులు అను ఫాంట్లతోను, అట్టి ఇతర ఫాంట్లతోను సాగినవి. ఆ ఫాంట్లలో 'అవ్వ' అని కనబడునది లోపల ఇంగ్లీషు అక్షరముల గుంపు మాత్రమే. అక్షరములకు తెలుగు వేషము వేసినట్లు. అట్టి వ్రాతను ఫోటో క్రిందకు తెచ్చినచో, ఆ ఫాంటు లేని చోట అర్థములేని గీతలు కనబడును. అట్టివి మీ యింట నున్నచో ఫాంటు దొరకుచున్నప్పుడే చదివి, యూనికోడ్ తెలుగులో తిరిగి వ్రాసికొనుడు. రెండవది, ఎక్సిఫ్‌లోని వివరణ గడి ఇంగ్లీషు అక్షరముల కొరకు ఏర్పడినది. అందు తెలుగు వ్రాసినచో కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగా చూపును, కొన్ని ప్రశ్నార్థకపు గుర్తుల వరుసను చూపును. ఎక్స్.ఎం.పి. యూనికోడ్‌ను ఆధారముగా చేసికొన్నది. తెలుగు అందు నిలుచును.

ఎక్స్.ఎం.పి.లో మనవంటివారికి అక్కరకు వచ్చు గుణమొకటి కలదు. అది అంతగా ప్రచారములోనికి రాలేదు. ఒకే చిత్రమునకు వివరణను పలుభాషలలో, ఏ భాషదో గుర్తుతో సహా, ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. తెలుగులో ఒకటి, తమిళములో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. డిజికామ్‌లో శీర్షిక వ్రాయు గడి దగ్గరనే భాషను ఎన్నుకొను ఏర్పాటు కలదు. మన ఇండ్లలో అవ్వ తెలుగు మాత్రమే మాటలాడును. మనుమడు తమిళము చదువును. వేరు దేశముననున్న మనుమరాలికి ఇంగ్లీషు తప్ప వేరు లిపి రాదు. 'మేనత్త' అనుమాట ఇంగ్లీషులో ఆంటీ యగును. పినతల్లియు ఆంటీయే, మేనమామ భార్యయు ఆంటీయే. తెలుగు శీర్షిక లేనిదే ఆ చుట్టరికము తెలియదు. ఇంగ్లీషు శీర్షిక లేనిదే ఆ పిల్ల చదువజాలదు. రెండును వ్రాయుడు.

తేదీల విషయము. స్కాను చేసిన పాతపటమునకు ఎక్సిఫ్‌లో తీసిన తేది ఉండదు, లేదా స్కాను చేసిన తేది ఉండును. క్రొత్త సాఫ్ట్‌వేరు చిత్రములన్నిటిని తేదీల వరుసను పేర్చును గనుక, 1962 నాటి తాతగారి పెండ్లి 2014 నాటి చిత్రముల నడుమ వచ్చి కూర్చుండును. 'తీసిన తేది' అను గడిలో 1962 అని దిద్దవలెను. సంవత్సరము మాత్రమే తెలిసినచో జనవరి 1 అని పెట్టి, శీర్షికలో 'సుమారు' అని చేర్చుట మేలు. లేనిచో పెండ్లి జనవరి ఒకటినే జరిగినదని మనుమలు నమ్ముదురు.

స్థలములును అంతే. క్రొత్త సాఫ్ట్‌వేర్లు కొన్ని పటమును చూచి ఊరి పేరు, జిల్లా పేరు తామే వేయును. అవి నేటి పేర్లు. తిరుత్తణిలో 1958లో తీసిన చిత్రము ఆంధ్రప్రదేశ్, చిత్తూరు జిల్లాలో తీసినది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి మదరాసు రాష్ట్రములో, చెంగల్పట్టు జిల్లాలో చేరెను; సత్యవేడు ప్రాంతము ఆంధ్రలోనికి పోయెను. 1969లో రాష్ట్రము పేరు తమిళనాడు అయ్యెను. 1997 జనవరి 1న తిరువళ్లూరు జిల్లా ఏర్పడెను. కావున ఒక్క ఊరిలో, ఒక్క గుమ్మము ఎదుట, ఒక్క కుటుంబము తీయించుకొన్న మూడు చిత్రములు మూడు చిరునామాలవి కావచ్చును. పటము వెనుక స్టూడియోవారి ముద్ర ఉన్నచో దానినిగూడ స్కాను చేసి, అందున్నది ఉన్నట్లు శీర్షికలో వ్రాసికొనుడు. మీ తాతగారి చదువునకు ఏ జిల్లా కచేరి సర్టిఫికెట్టు ఇచ్చెనో ఒకనాడు మీరు వెదకవలసివచ్చినపుడు ఈ వ్రాత దారి చూపును.

ఫోనులోని ఫోటోలను గూర్చి కొంత. 2015 మే నెలలో వచ్చిన గూగుల్ ఫోటోస్ చిత్రములను దూరపు కంప్యూటర్లలో ఉంచును. 2021 జూన్ 1 వరకు కొంచెము తగ్గించిన నాణ్యముతో ఎన్నియైనను ఉచితముగా ఉంచుకొననిచ్చిరి. అటుపిమ్మట చేర్చినవి మెయిలుతో సహా అన్నిటికిని కలిపి ఇచ్చు 15 జి.బి. ఉచిత స్థలములో లెక్కకు వచ్చుచున్నవి. అచ్చటినుండి చిత్రములను తిరిగి తెచ్చుకొనుటకు టేకౌట్ అను మార్గము కలదు. అట్లు తెచ్చినపుడు ప్రతి ఫోటో ప్రక్కన జేసన్ అను చిన్న ఫైలు ఒకటి వచ్చును. మీరు అందులో వ్రాసిన శీర్షికయు, దిద్దిన తేదియు ఆ చిన్న ఫైలులో నుండును. పనికిరాని చెత్తయని వానిని తుడిచివేయువారు కలరు. అవి మీ నోటుపుస్తకపు పుటలు, తుడువరాదు. ఇంకొకటి: ఆ యాప్‌లో చిత్రమును తీసివేసినచో ఫోనులోనిది, దూరముననున్నది రెండును పోవును. అరువది దినములు చెత్తబుట్టలో నుండును, తరువాత దొరకదు. స్థలము చాలదని తొందరపడి తుడుచువారు ఇది తెలిసికొనవలెను.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన ఫోటో చిన్నదై, వ్రాతభాగమును పోగొట్టుకొని చేరును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. బంధువులు పంపు పెండ్లి చిత్రములను ఈ విధముగా పంపుమని అడుగుట మంచిది. అడిగినచో వారికి ఖర్చేమియు లేదు.

ఇక మార్చు విధము. మొదట నకలు తీయక ఏ పనియు మొదలిడరాదు. మూడు నకళ్లు, రెండు విధములైన సాధనములపై, ఒకటి వేరొక చోట అని పీటర్ క్రోగ్ అను ఛాయాగ్రాహకుడు ప్రచారము చేసిన నియమము కలదు. మన వీలునకు దీనిని ఇట్లు చెప్పుకొందము: కంప్యూటరులో ఒకటి, బయటి హార్డు డిస్కులో ఒకటి, మేడమీద నివసించు బంధువు నింట ఒకటి. 2015 డిసెంబరు వరదలనెరిగిన మనకు మేడ యెందుకో చెప్పనక్కరలేదు.

పిమ్మట అన్నిటిని ఒక్కమారు మార్చక, ఇరువది చిత్రములను పరీక్షకై ఏరుకొనుడు. ఆ యిరువదిలో తెలుగు శీర్షిక గలది ఒకటి, కత్తిరించి సరిదిద్దినది ఒకటి, స్కాను చేసిన పాతది ఒకటి, ముఖములకు పేర్లు పెట్టిన గుంపుచిత్రము ఒకటి, వీడియో ఒకటి, ఐఫోనులో తీసినది ఒకటి తప్పక ఉండవలెను. 2017 తరువాతి ఐఫోనులు హీక్ అను క్రొత్త రూపమున చిత్రములను దాచును. పాత సాఫ్ట్‌వేరులు దానిని తెరువలేవు. ఈ యిరువదింటిని క్రొత్తదానిలోనికి తెచ్చి, పాతదానిని ప్రక్కన తెరచుకొని ఒక్కొక్కటిగా పోల్చుడు. ఏది రాలేదో అప్పుడే తెలియును. పాత సాఫ్ట్‌వేరు ఇంకను బ్రతికియుండగనే దానిని ఫైలులోనికి దింపు మార్గము వెదకవచ్చును.

పేరు ఫైలులో చేరినదా, లెక్కపుస్తకములో మాత్రమే యున్నదా అని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. పేరు వ్రాసిన చిత్రమును వేరొక కంప్యూటరునకు కొనిపోయి, సంబంధములేని వేరొక సాఫ్ట్‌వేరులో తెరువుడు. విండోస్‌లో నైనచో ఫైలుమీద కుడి బొత్తాము నొక్కి, ప్రాపర్టీస్‌లో డిటెయిల్స్ అను పుటను చూచినను చాలును. శీర్షిక అచ్చట కనబడినచో అది అట్టమీది అచ్చు. కనబడనిచో ఇంకను నోటుపుస్తకములోనే యున్నది.

ఆల్బములను ఫైలులోనికి దింపుట అన్ని సాఫ్ట్‌వేర్లకును సాధ్యము కాదు. అందుచేత ఆల్బములమీద కంటె ఫోల్డర్లమీద ఆధారపడుట నాకు నచ్చిన పద్ధతి. '1998-05 పెండ్లి' అని సంవత్సరమును, నెలను ముందు వ్రాసి, పిదప తెలుగు పేరు వ్రాసినచో ఏ యంత్రములోనైనను వరుస తప్పదు. మార్చుటకు ముందు ఫైళ్ల సంఖ్యను, మార్చిన పిదప ఫైళ్ల సంఖ్యను వ్రాసి పోల్చుకొనుట మరువరాదు.

ఎల్లవి సరిపోయినట్లు తోచినను పాత డిస్కును వెంటనే తుడువవలదు. ఒక సంవత్సరము ఉంచుడు; రాని వస్తువు సంక్రాంతికో, పెండ్లికో ఎవరైనను అడుగునపుడు గాని తెలియదు. డిస్కుమీద ఒక చీటి అంటించి, అందు ఏ సాఫ్ట్‌వేరులోని చిత్రములో, ఏ తేదిన నకలు తీసితిరో సిరాతో వ్రాసి, చీటి ఊడకుండ టేపు వేయుడు.